మా వదిన చెవులు, పళ్ళ డాక్టరు పాట

పళ్ళ డాక్టరుకీ మా వదినకీ పడదన్న సంగతి ఫోనులో ఉన్న పాటల గ్రూపులో అందరికీ తెలుసు. ఎందుకు పడదో అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు. డాక్టరు ఆవిడకి తప్పు పన్ను పీకాడని ఒకరు, ఆవిడే డాక్టరు పాటను పీకి పందిరేసిందని ఇంకొకరు. అవన్నీ ఉత్తవి. మొదటి గొడవప్పుడు ఆ గదిలో ఉన్న మూడో మనిషిని నేనే కాబట్టి నా మాట నమ్మొచ్చు. డాక్టరు కోసం మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆ నీళ్ళు చివరికి నేనే తాగాను.

ముందు వదిన చేసే పనేమిటో చెప్పాలి, ఎందుకంటే మా చుట్టాల్లో సగంమందికి ఇప్పటికీ తెలీదు. మా అన్నయ్యే, మీ ఆవిడేం చేస్తుందండీ అని ఎవరైనా అడిగితే "ఏదో కంప్యూటరు పని" అని తప్పించుకుంటాడు.

ఈ రోజుల్లో పాట చెయ్యాలంటే స్టూడియోకి వెళ్ళక్కర్లేదు. ఇంట్లో ఒక కంప్యూటరు, ఒక మైకు ఉంటే చాలు. మంచం మీద కూర్చుని డ్రమ్ములు కొట్టేవాళ్ళున్నారు. బట్టల బీరువాలో తలదూర్చి పాడేవాళ్ళున్నారు. పిల్లలు బడికి వెళ్ళగానే వంటింట్లో గిటారు రికార్డు చేసుకునే తల్లులున్నారు. పాట పూర్తయ్యాక వాళ్ళింట్లో విన్నంతసేపూ బ్రహ్మాండంగా ఉంటుంది. అదే పాట స్నేహితుడి కారులో పెడితే ఎవరో దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. ఫోనులో పెడితే దోమ పాడినట్టుంటుంది. అప్పుడు మా వదిన దగ్గరికి పంపుతారు. ఆవిడ రాగం ముట్టుకోదు, మాట ముట్టుకోదు. లావు శబ్దాలు పేరుకుపోయిన చోట కాస్త తగ్గించి, గొంతు మునిగిపోయిన చోట కాస్త లేపి, ఆ పాట ఏ స్పీకర్లోంచి వచ్చినా ఒకేలా వినపడేట్టు సర్దుతుంది. దాన్ని మాస్టరింగ్ అంటారు. లోకంలోకి వెళ్ళేముందు పాట మీద పడే ఆఖరి చెయ్యి అదే.

"అంటే చొక్కాకి ఇస్త్రీ లాంటిదన్నమాట" అన్నానొకసారి.

ఆ తర్వాత రెండు వారాలపాటు ఆవిడ నాతో చెప్పాల్సినవన్నీ మా అన్నయ్యతో చెప్పించింది.

ఈ పనికి ముందు పదకొండేళ్ళు చెవుల ఆసుపత్రిలో ఉద్యోగం చేసింది. రోగిని అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి కూతలు వినిపించి, "వినబడితే వేలెత్తండి" అనడం. ఆసుపత్రి మూతపడిననాడు అందరూ జీతం బాకీల గురించి గొడవపడుతుంటే ఆవిడ మాత్రం ఆ గది గోడలకి కొట్టిన మెత్తటి పలకలు విప్పుకుని ఆటోలో వేసుకొచ్చింది. మా ఇంటి వెనక సామాన్ల గది ఖాళీ చేయించి వాటిని బిగించింది. మధ్యలో కుర్చీ, ఎదురుగా నడుమెత్తు స్పీకర్లు రెండు, పక్కన చిన్న అరలో పాట సర్దే ఇనప పెట్టెలు నాలుగైదు. కుర్చీ నాలుగు కాళ్ళకీ నేలమీద నాలుగు గుర్తులు. ఊడ్చేటప్పుడు కుర్చీ జరిపితే తిరిగి గుర్తుల మీదే పెట్టాలి. అలా పెట్టని రోజున మా ఇంట్లో భోజనం ఆలస్యమవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది వాల్యూమ్ నాబ్. దానిమీద తెల్లటి ప్లాస్టరు ముక్క అంటించి ఉంటుంది. నాబ్ ఎప్పుడూ ఆ గుర్తు దగ్గరే ఉండాలి. ఎందుకంటే మనిషి చెవి మోసగత్తె అంటుంది వదిన. అదే పాటని రవ్వంత సౌండు పెంచి వినిపిస్తే "ఇదే బాగుంది" అనేస్తుందట. అందుకని ఎవరి పాటైనా, ఏ రోజైనా, ఒకే సౌండులో వినడం ఆవిడ వ్రతం.

ఇక పళ్ళ డాక్టరు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. క్లినిక్కు పైఅంతస్తులో పాటల గది పెట్టుకున్నాడు. తనే రాసి, తనే పాడి, తనే వాయించుకుని, రోగులకి వినిపిస్తాడు. నోరు తెరిచి కుర్చీలో పడుకున్నవాడు ఎలాగూ బాలేదని చెప్పలేడు కదా. ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చి, కుర్చీలో కూర్చుని, తన పాట అర నిమిషం విని, "కొంచెం గట్టిగా విందామండీ" అంటూ చెయ్యి చాపి ఆ నాబ్ తిప్పేశాడు.

"చెయ్యి తీయండి" అంది వదిన.

"నా పాటేనమ్మా."

"నాబ్ నాది. మీ క్లినిక్కుకొచ్చి నేను డ్రిల్లు పట్టుకుంటానా?"

"పట్టుకోండి చూద్దాం, చేతకావాలి కదా!"

"అదే నేనూ చెప్తున్నా."

డాక్టరు లేచాడు. నేను గ్లాసు ముందుకు చాపాను. ఆయన నన్నూ గ్లాసునీ పక్కకి నెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

అయినా వదిన పాట పూర్తిచేసి పంపింది. ఆయన దాన్ని విన్నాడో లేదో గానీ, ఇంటర్నెట్టులో రెండు నిమిషాల్లో దానంతటదే మాస్టరింగ్ చేసిపెట్టే మెషీనొకటి ఉంటే అందులో పాట వేసి, రెంటినీ గ్రూపులో పెట్టాడు. తొంభైమంది ఉన్న గ్రూపు అది, అందరూ ఇంట్లో పాటలు చేసుకునేవాళ్ళే. "ఏది బాగుందో మీరే చెప్పండి" అని రాశాడు. మెషీను చేసిన పాట సౌండు ఎక్కువ. అందరూ దానికే ఓటేశారు. వదిన కింద రాసింది: "రెండూ ఒకే సౌండులో పెట్టి వినండి." ఎవరూ పెట్టలేదు. డాక్టరు రాశాడు: "చెవులమ్మగారికి చెవులు పోయినట్టున్నాయి. వయసు కదా. పాపం."

చెవులమ్మ అన్న పేరు ఆ రోజు పుట్టిందే. ఆ "పాపం" చూసి వదిన ఫోను బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టి, రోజంతా దాని మొహం చూడలేదు.

అంతటితో ఆగితే నేనిది రాసే పనే లేదు. నాలుగు నెలల తర్వాత గ్రూపువాళ్ళు పన్నెండుమంది పాటలు పన్నెండు కలిపి ఒక ఆల్బమ్ వేద్దామనుకున్నారు. గ్రూపు పెద్ద ఒక బస్సు కండక్టరు. మృదువైన మనిషి. టిక్కెట్లు కొట్టీ కొట్టీ వేళ్ళకి వచ్చిన చురుకుతో కీబోర్డు వాయిస్తాడు. పన్నెండు ఇళ్ళలో చేసిన పాటలు ఒకదాని పక్కన ఒకటి ఒదగాలంటే అన్నీ ఒకే చేత్తో మాస్టరింగ్ కావాలి, కాబట్టి చెవులమ్మగారికే ఇద్దామన్నాడు. (ఆ పేరు ఒక తిట్టు అని ఆయనకి తెలీదు.) పళ్ళ డాక్టరు ఒంటికాలి మీద లేచాడు. మెషీనుకే ఇవ్వాలి, మెషీను విసుక్కోదు, మెషీనుకి వయసు రాదు, మెషీను నాబ్ మీద చెయ్యేస్తే అరవదు అని మూడు రోజులు రాశాడు. గ్రూపు రెండుగా చీలింది.

వదినకి వచ్చే పనంతా ఆ గ్రూపునుంచే. ఈ ఆల్బమ్ మెషీనుకి పోతే, ఇంక అందులోంచి ఒక్క పాటా రాదు. "వాళ్ళ పెద్దలే మెషీనుకిచ్చుకున్నప్పుడు మనకెందుకు" అనుకుంటారు. గది మళ్ళీ సామాన్ల గదైపోతుంది. మా అన్నయ్య అప్పటికే వ్యాయామం సైకిలొకటి చూసి పెట్టుకున్నాడు. ఆ సంగతి వదినకి తెలుసు. అందుకే కండక్టరుకి ఫోన్ చేసి తనే అంది, "అందర్నీ రమ్మనండి. డాక్టరుగారి పాటే తెమ్మనండి. ఆయన్నే నా కుర్చీలో కూర్చోమనండి. ఆయనేం కావాలంటే అది అందరి ముందూ చేసి చూపిస్తాను. మెషీను ఆయన మాట వింటుందా? నేను వింటాను. ఆ తర్వాత చేతులెత్తి తేల్చుకోండి."

ఆదివారం పొద్దున పదింటికి తొమ్మిదిమంది వచ్చారు. మిగతా ముగ్గురూ, మీరెలా తేలిస్తే అలాగే అని చెప్పి పంపారు. ఆ గదిలో ఇద్దరు కూర్చుంటేనే మోకాళ్ళు తగులుతాయి. తొమ్మిదిమందికి స్టూళ్ళూ, పీటలూ, తిరగేసిన బకెట్టూ సర్దాం. నాకు ఇనప పెట్టెల అర పక్కన, తలుపు సందులో చోటు దొరికింది. మా అన్నయ్యకి టీ పని అప్పగించింది వదిన. "వంటింట్లో చెయ్యండి" అని స్పష్టంగా చెప్పింది. గ్యాసు అయిపోయిందని ఆయన కరెంటు కెటిల్ తీసుకొచ్చి గది బయట, గుమ్మం పక్క సాకెట్ దగ్గర పెట్టుకున్నాడు. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, "చూశారుగా, ఏమీ ముట్టుకోలేదు" అన్నాడు అందరికీ వినబడేలా.

"చిన్నపిల్లలకి ఒకసారి చెప్తే చాలు" అంది వదిన.

పాట మొదలైంది. అరలో మధ్య పెట్టె దగ్గర నిలబడింది వదిన. శబ్దాల్లో లావు, సన్నం సర్దే పెట్టె అది. దాని నాబ్‌లు తిప్పితే టిక్కు టిక్కుమని ఒక్కో మెట్టూ పడుతుంది.

"చెప్పండి డాక్టరుగారూ. ఏం లోపం?"

"గొంతు వెనక్కి పోయింది."

"ఎంత?"

"ఎంతంటే... అడుగు."

బకెట్టు మీద కూర్చున్న నర్సమ్మ కిసుక్కున నవ్వింది. ఆవిడా గ్రూపులోదే, ఆసుపత్రిలో నర్సు, వంటింట్లో గిటారు రికార్డు చేసుకునే తల్లుల్లో ఒకరు. వదిన నవ్వలేదు. టిక్కు.

"ఇప్పుడు?"

"ఇంకా."

టిక్కు.

"ఊఁ... ఎక్కువైంది."

వెనక్కి టిక్కు.

"ఆఁ. అక్కడే. అక్కడే ఉంచండి" అన్నాడు డాక్టరు, మొహంలో చిరాకుతో. బాగైనందుకు చిరాకు.

"అబ్బ, కిటికీ తెర తీసినట్టుందండీ!" అంది నర్సమ్మ.

"నాకు డ్రమ్ములు కూడా విడివిడిగా వినబడుతున్నాయి" అన్నాడు కండక్టరు.

"కింద మూడువందల దగ్గర కొంచెం బురదుంది" అంది వదిన. మూడువందలన్నది శబ్దం లావుసన్నాల కొలత, బురదన్నది లావు శబ్దాలు కలగాపులగమైపోయే చోటికి ఆవిడ పెట్టుకున్న పేరు. రెండు టిక్కులు వెనక్కి తిప్పి, కళ్ళు మూసుకుని, "పోయింది" అంది. తొమ్మిది తలలూ ఊగాయి. బురద పోయిందట. నాకు ఏ బురదా వినబడలేదు గానీ నా తల కూడా ఊగింది.

అలా నలభై నిమిషాలు. డాక్టరు ప్రతి చరణానికీ వంక పెట్టడం, వదిన టిక్కుమనిపించడం, ఆయన ఒప్పుకోలేక ఒప్పుకోవడం. చివరికి పాట మొత్తం ఒకసారి వేసింది. అయిపోయాక డాక్టరు మత్తిచ్చే సూది లేకుండా తన పన్ను తనే పీక్కుంటున్నట్టు మొహం పెట్టి అన్నాడు, "తప్పదు. బాగుంది."

ఆ మాట కోసం వదిన నాలుగు నెలలు ఆగింది. అయిపోయింది, గెలిచేసింది. ఇంక చేతులెత్తడమే తరువాయి. సర్దినదాన్ని కంప్యూటరులోకి ఎక్కించడానికి పెట్టెవైపు వంగిన మనిషి అలాగే ఆగిపోయింది.

ఆ పెట్టెకి మూలగా ఒక పచ్చదీపం ఉంటుంది. అది వెలగడం లేదు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. నా మోకాలికి జానెడు దూరంలో ఉన్న ఆ దీపం వెలగడం లేదని నేను మొదటి నిమిషంనుంచీ చూస్తూనే ఉన్నాను. చెప్పలేదు. గతంలో ఒకసారి "వదినా, ఎర్రదీపం వెలుగుతోంది" అని పరిగెత్తుకెళ్తే, "దీపాల సంగతి నీకెందుకయ్యా, అది అలాగే వెలగాలి" అంది. అందుకని ఇది అలాగే ఆరి ఉండాలేమో అనుకున్నాను.

వదిన కళ్ళు పెట్టె వెనకనుంచి వైరు వెంబడి నడిచాయి. గోడ వెంట, గుమ్మం కిందుగా, బయట సాకెట్ దాకా. సాకెట్‌లో కెటిల్ ప్లగ్గు. పక్కనే నేలమీద, తొమ్మిది టీలకి దారిచ్చి పడుకున్న పెట్టె ప్లగ్గు. ట్రేలో కప్పులు పేర్చుకుంటున్న మా అన్నయ్య.

ఆ పెట్టెకి కరెంటు లేకపోతే పాట ఆగిపోదు. దాన్ని ముట్టుకోకుండా పక్కనుంచి నేరుగా స్పీకర్లకి వెళ్ళిపోతుంది. నాబ్‌లు తిప్పితే టిక్కు టిక్కుమనడం తప్ప ఇంకేమీ జరగదు.

ఎవరికీ తెలీదు. వదిన ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. మా పెద్దత్తయ్య రాసిన ఉత్తరంలో అబద్ధమొకటి వదినకి దొరికినప్పుడు కూడా అలాగే నవ్వింది.

"డాక్టరుగారూ, మీ గొంతు ముందుకొచ్చింది కదండీ?"

"వచ్చిందన్నాను కదా."

"ఎంత వచ్చింది?"

"అడుగు. అడుగున్నర."

"ఖాయమేనా?"

"ఇదేమన్నా కోర్టా అమ్మా? నా గొంతు నాకు తెలీదా?"

"ఈ పెట్టెకి కరెంటు లేదండీ" అంది వదిన, ఒక్కో మాటా తీరిగ్గా పేర్చుతూ. "మీరు వచ్చి కూర్చున్నప్పటినుంచీ లేదు. మీరు మొదట విన్నదీ ఇప్పుడు విన్నదీ ఒకటే పాట. వెంట్రుకవాసి మారలేదు. అడుగున్నరట, అడుగున్నర!"

గది గొల్లుమంది. అప్పటిదాకా డ్రమ్ములు విడివిడిగా విన్న కండక్టరు కూడా తొడ చరుచుకుని నవ్వాడు. తెర తీసినట్టుందన్న నర్సమ్మ బకెట్టు మీంచి జారింది. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. వదిన మొహం ఏడాదిలో అంత వెలగడం నేను చూడలేదు.

డాక్టరు కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు.

"అలాగా" అన్నాడు. "మరి మూడువందల దగ్గర బురద తీసిందెవరమ్మా?"

నవ్వు ఒక్కొక్కరి నోట్లో ఆగిపోయింది. గుమ్మం బయట మళ్ళీ నింపిన కెటిల్ టప్పుమని దానంతటదే ఆగింది. ఆ చప్పుడుకి ఇద్దరు ఉలిక్కిపడ్డారు.

వదిన నోరు తెరిచే ఉంది. ఆ గుంట తవ్వేటప్పుడు తనూ అందులోనే నిలబడి ఉన్నానన్న సంగతి అప్పుడే తెలిసినట్టుంది ఆవిడకి.

మా అన్నయ్య ట్రేతో లోపలికొచ్చాడు. మంచివాడు పాపం, వదినని కాపాడ్డానికి ఇరవై ఏళ్ళ కాపురంలో తనకి దొరికిన ఒకే ఒక్క అవకాశమనుకున్నాడు.

"పరీక్ష చేసిందండీ మిమ్మల్ని! రాత్రే అనుకున్నాం ఇద్దరం. కావాలనే ప్లగ్గు తీశాను" అన్నాడు.

తొమ్మిదిమందీ నమ్మడానికి సిద్ధంగానే ఉన్నారు. కండక్టరయితే "అద్గదీ!" అనడానికి ఊపిరి కూడా పీల్చుకున్నాడు.

"మీరు ఊరుకోండి" అంది వదిన. "ఏ పరీక్షా లేదు. ప్లగ్గు తీసింది ఈయన బుద్ధితక్కువతనం, దీపం చూసుకోనిది నా బుద్ధితక్కువతనం. బురద ఉందని నేనూ విన్నాను. తీస్తే పోయిందనీ విన్నాను. కళ్ళు మూసుకుని మరీ విన్నాను."

"విన్నారుగా అందరూ!" డాక్టరు కుర్చీలోంచి లేచాడు. "చెవులు పోయాయని నేను నాలుగు నెలల కిందటే రాశాను."

"చెవులుండబట్టే ఇలా జరిగింది" అంది వదిన. "ఆసుపత్రిలో పదకొండేళ్ళు చూశాను. నేను కూత వెయ్యకుండానే వేలెత్తేవాళ్ళు. బాగా వినాలని గట్టిగా అనుకున్నవాళ్ళే ఎక్కువ ఎత్తేవాళ్ళు. ఇంటికొచ్చి వాళ్ళ గురించి చెప్పి నవ్వుకునేదాన్ని. ఇవాళ నేను ఎత్తాను. మీరు నాకంటే ముందే ఎత్తారు, అదీ మర్చిపోకండి."

"నేను పళ్ళ డాక్టర్ని! నాకు వినబడకపోయినా నష్టం లేదు. మీరు దీంతోనే బతుకుతున్నారు."

వదిన బయటికెళ్ళి కెటిల్ ప్లగ్గు పీకి, పెట్టె ప్లగ్గు పెట్టింది. పచ్చదీపం వెలిగింది. పాట వేసింది.

నలభై నిమిషాలు ఊహల్లో తిప్పిన టిక్కులన్నీ ఒక్కసారిగా నిజమై మీద పడ్డాయి. డాక్టరుగారి గొంతు గదిలోని ప్రతివాళ్ళ దంతాల్లోకీ డ్రిల్లులా దిగింది. నర్సమ్మ చెవులు మూసుకుంది. ఎవరి కప్పులోదో టీ ఒలికింది.

"ఇదేనా అమ్మా మనం ఇంతసేపూ మెచ్చుకున్నది?" అన్నాడు కండక్టరు నీరసంగా.

వదిన అన్ని నాబ్‌లూ సున్నాకి తిప్పి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఆరు నిమిషాల్లో చేసింది. ఈసారి డాక్టర్ని ఒక్క మాట అడగలేదు. బాగుందో లేదో నేను చెప్పలేను, ఆ గదిలో ఇంకెవరూ కూడా చెప్పలేరు, ఎందుకంటే ఒక్కరూ వినలేదు. అందరూ దీపాన్నే చూస్తున్నారు.

కండక్టరు గొంతు సవరించుకుని చేతులెత్తమన్నాడు. మెషీనుకి నలుగురు. మర్యాదస్తురాలైన నర్సమ్మ తలొంచుకుని మరీ మెషీనుకే ఎత్తింది. వదినకి నలుగురు, కండక్టరుతో కలిపి. మిగిలింది డాక్టరు.

మా అన్నయ్య అప్పటికే గది కొలతలు కంటితో తీసుకుంటున్నాడని నా అనుమానం.

డాక్టరు టీ మొత్తం తాగాడు. కప్పు అర మీద పెట్టబోయి, వదిన చూపు చూసి, నేలమీద పెట్టాడు.

"మెషీనుకిస్తే ఏమొస్తుంది?" అన్నాడు. "పాట పాడైతే దాన్ని ఏమనగలం? తిడితే పడుతుందా? మొహం మాడ్చుకుంటుందా? ఈవిడకే ఇవ్వండి. ఈవిడ తప్పు ఈవిడ నోటితో అందరి ముందూ ఒప్పుకుంది. రేపట్నుంచి నా పాట ఎక్కడ చెడినా గుమ్మంలో నిలబడి అడుగుతాను. పెట్టె వెలుగుతోందా చెవులమ్మగారూ అని అడుగుతాను. ఆ సుఖం నాకు ఏ మెషీనిస్తుంది?"

"నాకక్కర్లేదు మీ ఓటు" అంది వదిన.

"పడిపోయిందమ్మా, ఓటు" అన్నాడు కండక్టరు.

"వెనక్కి తీసుకోమనండి. ఆయన జాలితో నాకు పనొద్దు."

"జాలా?" డాక్టరు గుమ్మం దగ్గరనుంచి వెనక్కి తిరిగాడు. "మీ మీద నాకు జాలా? ఎవరన్నా వింటే నవ్విపోతారు. కక్షతో వేశానమ్మా ఓటు. అచ్చమైన కక్ష."

వదిన కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసింది. కక్ష అయితే ఫర్వాలేదన్నట్టు, అడ్డం తప్పుకుని దారిచ్చింది.

అందరూ వెళ్ళిపోయాక మా ఇంట్లో ప్లగ్గు గురించి జరిగిన సంభాషణ నేను రాయను. మా అన్నయ్య నాకు తోడబుట్టినవాడు. మూడు రోజులు వదిన ఆ గదిలోకి వెళ్ళలేదు. ఆల్బమ్ వద్దని రాసేస్తానని నాతో రెండుసార్లు అంది, రాయలేదు. పాతపాటలు ఫోనులో పెట్టుకుని, ఇది విన్నానా, విన్నాననుకున్నానా అని తనలో తనే గొణుక్కోవడం నేను విన్నాను. అప్పటిదాకా ఆవిడ మాటంటే మాకందరికీ కొంచెం భయం. ఆ మూడు రోజులూ ఆవిడకే భయమేసింది.

నాలుగోరోజు పొద్దున కండక్టరుకి ఒకే ముక్క రాసింది: "పాటలు పంపండి. డాక్టరుది ఆఖర్న."

ఆవిడ ఫోను కింద పెట్టలేదు, డాక్టరు పాటే మొదట వచ్చి పడింది. పాటతోపాటు రెండు పేజీల ఉత్తరం. ఇదివరకు ఈవిడ తన పాటకి చేసిన అన్యాయాలు వరసపెట్టి, నెంబర్లు వేసి, మొత్తం పదకొండు రాశాడు. మూడో అన్యాయం కింద "వయసు" అన్న మాట రెండుసార్లు వాడాడు. వదిన నిలబడే చదవడం మొదలుపెట్టింది. అయిదో అన్యాయానికి కుర్చీలో కూర్చుంది. ఏడోదానికి చెవుల వెనక జుట్టు బిగించి ముడేసుకుంది.

"భోజనానికి రావేమే?" అని కేకేశాడు అన్నయ్య.

"మీరు తినండి. ముందు ఈయన సంగతి చూడనివ్వండి నన్ను!"

పదకొండింటికీ జవాబులు రాసింది. దేనికీ తగ్గలేదు. తొమ్మిదో అన్యాయం, రెండో చరణంలో వేణువు గొంతుని కప్పేస్తోందన్నది. దాని దగ్గర మాత్రం ఆగి, పాట వేసి, కళ్ళు తెరుచుకునే విని, తలుపు సందులో నేనున్నానని మర్చిపోయి, "నిజమే" అంది. వేణువుని తగ్గించింది. మళ్ళీ విని, ఇంకొంచెం తగ్గించింది. తర్వాత కీబోర్డు దగ్గరకు లాక్కుని తొమ్మిదోదానికి జవాబు రాసింది. పదకొండింటిలోకీ ఘాటైన తిట్టు అదే.